చెన్నైలో ఎం.ఎస్.డబ్ల్యూ. చదువు: ఉద్యోగానికి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్), చదవడానికి చెన్నై వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలూ చేరుతుంటారు. చేరేముందు అందరూ అడిగేవి రెండే: ఫీజు ఎంత, ప్లేస్‌మెంట్ ఉందా? అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఫీల్డ్‌వర్క్ రికార్డు, అంటే బయట చేసిన పని గురించి విద్యార్థి రాసేది, ఎవరు దిద్దుతారు? ఈ డిగ్రీ విలువంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ఇది ఏ ఒక్క కాలేజీ మీదా రాసిన రివ్యూ కాదు. ఈ నగరంలో దొరికే రెండేళ్ల ఎం.ఎస్.డబ్ల్యూ. చదువు ఆసుపత్రిలో, పిల్లల సంరక్షణలో, ఫ్యాక్టరీలో, బస్తీలో ఉద్యోగానికి ఒక మనిషిని ఏ మేరకు తయారు చేస్తుందో చెప్పడమే ఉద్దేశం. చెన్నైకి ఈ చదువు కొత్త కాదు. ఎగ్మూరులోని మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌ను మేరీ క్లబ్‌వాలా జాదవ్ 1952లో స్థాపించారు. లయోలా, స్టెల్లా మేరిస్, తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల్లోనూ సోషల్ వర్క్ విభాగాలున్నాయి. స్పెషలైజేషన్ల పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, ఎక్కువగా కనిపించేవి మూడు దారులు: కమ్యూనిటీ డెవలప్‌మెంట్, మెడికల్ అండ్ సైకియాట్రిక్, హెచ్.ఆర్.

తరగతి గదిలో చెప్పే సరుకు ఎక్కడైనా దాదాపు ఒకటే. కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో చేసే పని), గ్రూప్‌వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సోషల్ యాక్షన్, వెల్ఫేర్ అడ్మినిస్ట్రేషన్, రీసెర్చ్ అనే ఆరు పద్ధతులు, మానవ ప్రవర్తన, సామాజిక చట్టాలు, కౌన్సెలింగ్. ఇవి కష్టపడితే ఎవరైనా పుస్తకాల్లో చదువుకోగలిగినవే. కాలేజీకీ కాలేజీకీ తేడా తెచ్చేది వారానికి రెండు రోజుల ఫీల్డ్‌వర్క్.

ఫీల్డ్‌వర్క్ ఎలా నడవాలి, ఎలా నడుస్తోంది

మొదటి సెమిస్టర్‌లో సంస్థల సందర్శన, ఆ తర్వాత ఒక బస్తీలోనో ఏజెన్సీలోనో (సేవా సంస్థలోనో) పని, మధ్యలో వారం పది రోజుల రూరల్ క్యాంప్, రెండో ఏడాది స్పెషలైజేషన్‌కు తగ్గ చోట పని, చివర్లో నెల రోజుల బ్లాక్ ప్లేస్‌మెంట్ (ఒకే సంస్థలో ఏకధాటిగా పని). కాగితం మీద అన్ని కాలేజీల పథకమూ ఇంచుమించు ఇదే. వారానికి సుమారు 15 గంటలు ఫీల్డ్‌లో గడిపి, ప్రతి వారం రికార్డు రాసి ఇవ్వాలి. కాలేజీ సూపర్‌వైజర్ దాన్ని చదివి, విద్యార్థిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. దీన్నే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ అంటారు. ఈ కాన్ఫరెన్స్ జరిగే చోట పని నేర్చుకున్న మనిషి బయటికొస్తాడు. రికార్డు మీద సంతకం పడి తిరిగొచ్చే చోట నేర్చుకున్నదేమీ ఉండదు.

తేడా ఎంతుంటుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ఆసుపత్రి ప్లేస్‌మెంట్‌లో ఉన్న విద్యార్థిని రికార్డు ఇలా రాసిందనుకోండి: "రోగి డయాలసిస్‌కు సక్రమంగా రావడం లేదు. భార్యతో మాట్లాడి డయాలసిస్ ప్రాముఖ్యత వివరించాను. ఆమె అర్థం చేసుకుంది. సెషన్ సంతృప్తికరంగా ముగిసింది." మొక్కుబడిగా దిద్దేవారు దీనికి టిక్కు పెట్టి ఎనిమిది మార్కులు వేస్తారు.

పని తెలిసిన సూపర్‌వైజర్ "వివరించాను" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. నువ్వేమన్నావు? ఆమె ఏమంది? ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయి. అప్పుడు అసలు రికార్డు వస్తుంది. "మీ ఆయన సోమవారం ఎందుకు రాలేదమ్మా?" "వచ్చి ఏం చేసేది మేడమ్, మాది సాయంత్రం డయాలసిస్ షిఫ్టు. ముగిసేసరికి సూళ్లూరుపేట రైలు వెళ్లిపోతుంది. రాత్రంతా స్టేషన్‌లోనే." ఇంకో రెండు ప్రశ్నలు పడితే మరిన్ని సంగతులు తెలుస్తాయి. వారానికి మూడు సార్లు, సారికి నాలుగు గంటల డయాలసిస్. తోడు వచ్చే భార్యకు ఆ మూడు రోజులూ కూలి పోతుంది. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆమెకు మనకంటే బాగా తెలుసు. వివరించాల్సిందేమీ లేదు. మార్చాల్సింది షిఫ్టు. కుదరకపోతే ఊరికి దగ్గరలోని ప్రభుత్వ డయాలసిస్ కేంద్రానికి మార్పించాలి. ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016 నుంచి ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో సీటు ఖాళీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. మార్పుకు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. పరీక్షల తాజా రిపోర్టులు, ఇటీవలి డయాలసిస్ చార్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం) వివరాలు, డాక్టరు రాసిన సమ్మరీ కావాలి. ఈ రిపోర్టుల్లో ఒక్కటి పాతదైనా అవతలి కేంద్రం చేర్చుకోదు. రోగి మళ్లీ అంత దూరం తిరగాల్సి వస్తుంది.

మొదటి రికార్డు నుంచి రెండో రికార్డుకు రావడమే ఈ రెండేళ్ల చదువు. ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఇలాంటి కేసు టేబుల్ మీదికి వస్తుంది. అక్కడ దిద్దేవారు ఉండరు.

ఫీల్డ్‌వర్క్ ఎక్కడ పాడవుతుందో తెలిస్తే చేరేముందే జాగ్రత్త పడొచ్చు. ఒక సూపర్‌వైజర్‌కు చాలామంది విద్యార్థుల్ని అప్పగిస్తే రికార్డులు చదవడం అయ్యే పని కాదు. ఏజెన్సీలో సోషల్ వర్క్ చదివిన మనిషి లేకపోతే విద్యార్థిని డేటా ఎంట్రీకో, ఫంక్షన్‌లో కుర్చీలు వేయడానికో వాడుకుంటారు. కొన్ని చోట్ల ఏడాదికో బ్యాచ్ అదే బస్తీకి వెళ్లి, అదే సర్వే చేసి, అదే అవగాహన కార్యక్రమం పెట్టి వస్తుంది. బస్తీవాళ్లు విసిగిపోయి తలుపు వేసుకుంటారు. తప్పు విద్యార్థిది కాదు, ముందు బ్యాచ్ ఏం చేసిందో తర్వాతి బ్యాచ్‌కు అప్పగించే పద్ధతి లేకపోవడం.

కాబట్టి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీల్డ్‌వర్క్ మాన్యువల్ చూపించమని అడగండి. ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది ఉంటారు, ఏజెన్సీలో ఎవరు చూస్తారు, ఆమె చదువేమిటి అని కనుక్కోండి. అన్నిటికంటే గట్టి పరీక్ష: రెండో ఏడాది విద్యార్థి ఎవరినైనా పట్టుకుని, దిద్దిన రికార్డు ఒకటి క్లయింట్ పేరు, ఊరు కప్పి చూపించమనండి. ఎర్ర సిరాతో ప్రశ్నలు కనిపిస్తే ధైర్యంగా చేరొచ్చు. సంతకాలు మాత్రమే ఉంటే, భవనం ఎంత బాగున్నా ఇంకో కాలేజీ చూసుకోండి. దూరవిద్యలో చేసేవారికీ ఇదే గీటురాయి. ఫీల్డ్‌వర్క్‌ను చూసే మనిషి మీ ఊళ్లో ఎవరో ముందే తెలియాలి.

ఆసుపత్రి, మానసిక ఆరోగ్యం

చెన్నైలో ఈ చదువుకు ఉన్న పెద్ద బలం ఇదే. కీల్‌పాక్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ మూలాలు 1794 నాటివి. డాక్టర్ శారదా మీనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ (స్కిజోఫ్రీనియా రోగుల కోసం పనిచేసే సంస్థ), 1993లో మొదలైన బాన్యన్ (మానసిక సమస్యలతో వీధిన పడ్డవారిని ఆదుకునే సంస్థ) ఈ నగరంలోనే ఉన్నాయి. పెద్ద ఆసుపత్రులు లెక్కలేనన్ని. ప్లేస్‌మెంట్‌కు ఇంత వైవిధ్యం అన్ని నగరాల్లోనూ దొరకదు.

ఇక్కడే చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్‌తో ఎం.ఎస్.డబ్ల్యూ. ముగిస్తే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయిపోయినట్టే అనుకుంటారు. చట్టం లెక్క వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ హోదాకు సోషల్ వర్క్‌లో పీజీతో పాటు, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. ఉండాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఈ కోర్సుకు పేరున్న చోటు. మామూలు ఎం.ఫిల్.ను యూజీసీ 2022 నిబంధనలతో ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లకు మాత్రం ప్రవేశాలకు 2025–26 విద్యా సంవత్సరం వరకు వెసులుబాటు ఇచ్చింది. ఈ దారిలో వెళ్లాలనుకునేవారు ఎం.ఎస్.డబ్ల్యూ. మొదటి ఏడాదిలోనే తాజా నోటిఫికేషన్ చూసుకోవాలి. రెండేళ్లు గడిచాక చూసుకుంటే నిబంధన మారి ఉండొచ్చు.

ఎం.ఫిల్. లేకపోయినా ఆసుపత్రుల్లో పని చాలా ఉంది. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉద్యోగం అందులో ఒకటి. అవయవ మార్పిడి, అవయవ సేకరణ జరిగే ఆసుపత్రుల్లో ఈ ఉద్యోగి ఉండాలని 2014 నిబంధనలు చెబుతున్నాయి, అర్హతల్లో సోషల్ వర్క్ పీజీ కూడా ఉంది. చెన్నైలోని మోహన్ ఫౌండేషన్ ఈ ఉద్యోగానికి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తుంది, డిగ్రీతో పాటు ఇది కూడా ఉండటం మంచిది. ఎందుకంటే డిగ్రీలో నేర్పే కౌన్సెలింగ్ మాటలు ఐసీయూ బయట సరిపోవు. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి నాయుడుపేట నుంచి తీసుకొచ్చిన కుర్రాడి విషయంలో వాళ్ల నాన్న అడిగేది ఒకటే: "గుండె కొట్టుకుంటోంది కదా సార్, పోయాడని ఎలా అంటారు?" బ్రెయిన్ డెత్ నిర్ధారణకు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేస్తుంది. మరణం సంగతి డాక్టరే చెప్పాలి. కుటుంబం దాన్ని గ్రహించిందని తెలిశాకే అవయవదానం మాట ఎత్తాలి. రెండూ ఒకే గుక్కలో చెబితే, అవయవాల కోసమే చంపేశారన్న అనుమానం పుడుతుంది. అది ఇక పోదు. పైగా ప్రమాదం కేసు కాబట్టి పోలీసు విచారణ, పోస్ట్‌మార్టం కూడా ఉంటాయి. వాటి గురించి ముందే చెప్పకపోతే సంతకం పెట్టిన కుటుంబం మధ్యలో వెనక్కి తగ్గుతుంది. ఇలాంటి చోట తెలుగు వచ్చిన సోషల్ వర్కర్ ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

డిగ్రీలో దాదాపు కనిపించని ఇంకో సంగతి, డబ్బు కాగితాలు. తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా పథకం ఇక్కడి రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ ఉన్నవారికి. సరిహద్దు దాటి వచ్చిన రోగికి ఆంధ్రప్రదేశ్ పథకమో, తెలంగాణ పథకమో చూడాలి. ఆ ఆసుపత్రికి ఆ పథకంతో ఒప్పందం ఉందా, ఈ చికిత్స జాబితాలో ఉందా అన్నవి అడ్మిషన్‌కు ముందే తేల్చుకోవాలి. సొంత డబ్బు కట్టి చేరిన తర్వాత పథకంలోకి మార్పించడం చాలా కష్టం. ఈ ఒక్క విషయం మొదటి గంటలోనే అడిగిన సోషల్ వర్కర్ ఒక కుటుంబాన్ని అప్పుల నుంచి కాపాడగలదు.

పిల్లల సంరక్షణ

ఇక్కడ చదువుకూ ఉద్యోగానికీ మధ్య దూరం కాస్త ఎక్కువ. తరగతిలో అటాచ్‌మెంట్ సిద్ధాంతం (బిడ్డకూ పెంచేవారికీ మధ్య బంధం గురించి) చెబుతారు, ఉద్యోగంలో చేతికి ఫారం ఇస్తారు. రెండూ కావాల్సినవే. సంరక్షణ అవసరమైన బిడ్డను, ప్రయాణ సమయం కాకుండా, 24 గంటల్లో చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు హాజరుపరచాలి. బిడ్డ కుటుంబ పరిస్థితుల మీద సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు 15 రోజుల్లో ఇవ్వాలి. బిడ్డను మొదటిసారి హాజరుపరిచిన నాలుగు నెలల్లోగా కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వాలి. బాలల న్యాయ చట్టం కింద 2016లో కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్‌లో ఈ రిపోర్టు నమూనా ఫారం 22. డిగ్రీ పట్టా పుచ్చుకునేలోపు ఈ ఫారం ఒక్కసారైనా పూర్తిగా నింపి, దిద్దించుకున్న విద్యార్థులు తక్కువ. కొత్తవాళ్ల రిపోర్టులు వెనక్కి రావడానికి మామూలు కారణం, కుటుంబ చరిత్ర గడి నిండా అభిప్రాయాలు రాసి, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయకపోవడం. "తండ్రి బాధ్యత లేనివాడు" అన్నది కమిటీకి పనికిరాదు. "తండ్రి మూడు నెలలుగా ఇంటికి రాలేదని మేనమామ ఫోన్‌లో చెప్పాడు" అన్నది పనికొస్తుంది.

చెన్నై సెంట్రల్ స్టేషన్‌లో దొరికే పిల్లల్లో మన జిల్లాల పిల్లలూ ఉంటారు. బిడ్డ తన ఊరు కొత్తపల్లి అంటాడు. కొత్తపల్లులు రెండు రాష్ట్రాల్లో ఎన్నో. అప్పుడు మండలం పేరు తెలియకపోయినా, మీ ఊరికి ఏ బస్సు వస్తుంది, సంత ఏ ఊళ్లో ఏ రోజు, జాతర ఏ అమ్మవారికి, బడి మాస్టారు పేరేంటి, పొలంలో ఏం వేస్తారు అని అడగాలి. పొగాకా, మిరపా, వేరుశనగా అన్నదాన్నిబట్టే సగం జిల్లాలు పక్కకు పోతాయి. చిరునామా దొరికాక ఆ జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు రాసి, ఇంటి పరిస్థితి మీద నివేదిక తెప్పించుకుని, కమిటీ ఉత్తర్వుతో అప్పగించాలి. బంధువు వచ్చి ఏడ్చాడు కదా అని నేరుగా పంపించేయకూడదు. ఆ బంధువే బిడ్డను పనికి పెట్టి ఉండొచ్చు.

ఫీల్డ్‌వర్క్‌కు పంపే ముందే ప్రతి కాలేజీ తప్పనిసరిగా నేర్పాల్సినది పోక్సో, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి చట్టం. తరగతిలో గోప్యత గురించి గట్టిగా చెబుతారు, అది మంచిదే. దానికో హద్దుందని మాత్రం అంత గట్టిగా చెప్పరు. బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, విద్యార్థి అయినా సరే, ఈ చట్టంలోని సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోవడం సెక్షన్ 21 కింద శిక్షార్హం. కాబట్టి "ఎవరికీ చెప్పనులే నాన్నా" అని బిడ్డకు మాటివ్వకూడదు. బిడ్డ చెప్పిన మాటలు అవే మాటల్లో రాసుకోవాలి. మళ్లీ మళ్లీ తవ్వి అడగకూడదు. ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. పిల్లలతో దిగిన ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం కూడా ఆగాలి. సంరక్షణలో ఉన్న బిడ్డ ఎవరో తెలిసేలా బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తోంది.

హెచ్.ఆర్. దారి

ఉద్యోగం త్వరగా దొరికే దారి ఇదే. అందుకే ఎక్కువమంది ఇటు మొగ్గుతారు. ఒరగడం, శ్రీపెరంబుదూరు, సరిహద్దుకు అవతల తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ, ఈ ఫ్యాక్టరీల్లో తెలుగు, తమిళం రెండూ వచ్చినవారికి గిరాకీ ఉంటుంది. ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం 500 మంది కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. కొత్త వృత్తి భద్రతా కోడ్‌లో ఆ సంఖ్య 250. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల నోట్సుతోనే పాఠం చెప్పే కాలేజీ అయితే విద్యార్థులే కోడ్‌లు తెచ్చుకుని పక్కపక్కన పెట్టుకుని చదువుకోవాలి, ఇంటర్వ్యూలో అడిగేది కొత్తవే.

లోపం లెక్కల్లో. పేస్లిప్ చేతికిచ్చి కోతలు వివరించమంటే తడబడతారు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) లెక్కకు వచ్చే వేతనం 18,000 అయితే ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 585. ఇది అరగంటలో వచ్చేస్తుంది, నేర్పేవాళ్లు ఉండాలి అంతే. ఎంబీఏ చదివినవారితో పోటీలో మన బలం ఇంకోచోట ఉంది. లైన్ మీద పనిచేసే అమ్మాయి వరుసగా సెలవులు పెడుతుంటే ఎంబీఏ చదివినవారు హాజరు పట్టీ చూస్తారు, సోషల్ వర్కర్ హాస్టల్‌కు వెళ్లి ఏం జరిగిందో కనుక్కుంటుంది. ఈ పని చేయనివ్వని యాజమాన్యాలూ ఉన్నాయి. అక్కడ వెల్ఫేర్ ఆఫీసర్ అనేది కాగితం మీది హోదాగానే మిగిలిపోతుంది.

పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల మీద 2013 చట్టం కింద పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. కమిటీలో బయటి సభ్యురాలి స్థానానికి అనుభవమున్న సోషల్ వర్కర్లను పిలుస్తుంటారు. విచారణ నమోదు చేయడం, రెండు వైపుల మాటా రాయడం ఫీల్డ్‌వర్క్ రికార్డు సరిగ్గా రాసినవారికి సులువుగా వస్తుంది.

బస్తీ పని, తమిళం, తెలుగు

పెరుంబాక్కం, కన్నగి నగర్, సెమ్మంచేరి పునరావాస కాలనీల్లో ప్లేస్‌మెంట్ పడితే వదులుకోకండి. నగరం నడిబొడ్డు నుంచి తీసుకొచ్చి పెట్టిన కుటుంబానికి ఎదురయ్యే చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. విద్యా సంవత్సరం మధ్యలో తరలిస్తే పిల్లల చదువు ఆగిపోవడం, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు పాత ఇళ్లు దూరమైపోవడం, రేషన్ కార్డు చిరునామా మార్పు. సోషల్ మ్యాప్ (బస్తీవాళ్లే గీసే తమ ప్రాంత పటం) గీయించడం, ఇల్లిల్లూ తిరగడం ఇక్కడ తూతూమంత్రంగా చేస్తే ప్రజలే చెప్పేస్తారు.

తమిళం రాకుండా ఈ డిగ్రీ చెన్నైలో పూర్తి చేయొచ్చు, పని మాత్రం చేయలేరు. పాఠాలు ఇంగ్లీషులో నడుస్తాయి, మనుషులు తమిళంలో మాట్లాడతారు. మాట్లాడటం ఆరు నెలల్లో వచ్చేస్తుంది. చదవడం రాకపోతే ఎఫ్.ఐ.ఆర్., రేషన్ కార్డు, తాలూకా ఆఫీసు ఉత్తర్వు ఏదీ అర్థం కాదు. మొదటి సెమిస్టర్ ముగిసేలోపు అక్షరాలు పట్టుకోవాలి. అలాగని తెలుగు అక్కరకు రాదనుకోకండి. నగర పారిశుద్ధ్య కార్మికుల కాలనీల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలెన్నో ఉన్నాయి. భవన నిర్మాణ పనులకు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వస్తారు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, వారిలో ఆ జిల్లాల కూలీలు చాలామంది. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకు వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆ 90 రోజుల రుజువు గల్లంతవుతుంది. సైట్ మారక ముందే సర్టిఫికెట్ రాయించి పెట్టడం వాళ్ల భాష తెలిసిన సోషల్ వర్కర్ చేయగలిగిన మేలైన పనుల్లో ఒకటి.

జీతం, మొదటి ఉద్యోగం

స్వచ్ఛంద సంస్థల్లో జీతాలు తక్కువ, ఉద్యోగాలు ప్రాజెక్టు కాలానికే. దీనికి కారణం సంస్థల పిసినారితనం ఒక్కటే కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. తీసుకున్న విదేశీ విరాళాన్ని చిన్న సంస్థలకు పంచిపెట్టే వీలూ పోయింది. ఆ దెబ్బ ఎక్కువగా చిన్న సంస్థల మీద, వాటిలో పనిచేసేవారి మీద పడింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు ఉంది కానీ అది తరచూ ఏడాది ప్రాజెక్టుల రూపంలో వస్తుంది. బడ్జెట్ రాయడం, ఖర్చుల వివరం ఇవ్వడం, పని మొదలుపెట్టే ముందటి పరిస్థితిని కొలిచే బేస్‌లైన్ సర్వేను కోబో అనే సర్వే యాప్‌లో పెట్టడం వచ్చినవారు ఒక ప్రాజెక్టు ముగిసేలోపు ఇంకోటి వెతుక్కోగలుగుతారు. సిలబస్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేపరు ఉంటుంది గానీ, నిజమైన బడ్జెట్ షీటు ఒక్కటి కూడా చూడకుండా పరీక్ష రాయొచ్చు. బ్లాక్ ప్లేస్‌మెంట్‌లో అకౌంటెంట్ పక్కన రెండు రోజులు కూర్చోనివ్వమని అడగండి. చాలా సంస్థలు కాదనవు.

టీచింగ్ వైపు వెళ్లాలనుకునేవారికి యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ విడి సబ్జెక్టు. దాని కోడ్ 10. రెండో ఏడాదిలోనే ఒకసారి రాసి చూడటం మంచిది.

ఎవరు చేరాలి అంటే, నలుగురి ఇళ్లకు ఎండలో తిరగగలిగి, విన్నది విన్నట్టు రాసే ఓపిక ఉన్నవారు. కౌన్సెలింగ్ గదిలో కూర్చుని మాట్లాడటమే ఈ పని అనుకునేవారికి సైకాలజీ నయం. డిగ్రీ అయ్యాక మొదటి ఉద్యోగం జీతం చూసి కాకుండా, అక్కడ పాతవారెవరున్నారో చూసి ఎంచుకోవాలి. ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అంటే ఇది అడగండి: నా కేసుల గురించి వారానికోసారి ఎవరితో మాట్లాడాలి? జవాబుగా ఒక మనిషి పేరు చెబితే బాగున్నట్టు. "అందరం ఒక కుటుంబంలా ఉంటాం" అంటే ఎవరూ లేనట్టు. ఆఫర్ లెటర్‌లో ప్రాజెక్టు ఏ నెలతో ముగుస్తుందో, పీఎఫ్ ఉందో లేదో, ఫీల్డ్‌కు వెళ్లే ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారో రాసి ఉండాలి. ముఖ్యంగా ప్రయాణ ఖర్చు. గుమ్మిడిపూండి నుంచి చెంగల్పట్టు దాకా తిరిగే ఉద్యోగంలో అది జీతంలోంచే పోతుంటే, మూడో నెలకే ఇంటి సందర్శనలు తగ్గి ఫోన్ కాల్స్ పెరుగుతాయి.